తుర్దీ ఉస్తా దెబ్బలు

మా తెర్మెజ్ ఊళ్లో కారు ఏసీ బాగుచేయించుకోవాలంటే తుర్దీ ఉస్తా చేత తన్నులు తినడానికి సిద్ధపడి రావాలి. వేళాకోళానికి అంటున్న మాట కాదిది. ఉస్తా అంటే మా భాషలో పనిలో ఆరితేరినవాడు. మరమ్మతుల వీధిలో నా బ్యాటరీల కొట్టు ఆయన షెడ్డుకు ఆనుకునే ఉంది. డ్రైవర్ల చెంపలు ఛెళ్లుమంటుంటే వింటూ నేను మధ్యాహ్నం టీ తాగేవాణ్ణి.

ఎండాకాలం నడిమధ్య వచ్చే నలభై రోజుల్ని మేము చిల్లా అంటాం. చిల్లాలో స్టీరింగు ముట్టుకుంటే చర్మం ఊడొస్తుంది. అంతవరకూ నిద్రపోయిన డ్రైవర్లంతా అప్పుడు ఒక్కసారిగా మేలుకుని ఉస్తా మీద పడతారు. చల్లదనం రావడం లేదు, కాస్త గ్యాసు కొట్టమనేదే అందరి మాట. ఆ మాట వింటే ఆయనకు పూనకం వచ్చేది. బానెట్ ఎత్తి, డ్రైవరు మెడ పట్టుకుని, ముందున్న కండెన్సర్ జాలీకి వాడి ముఖం ఆనించేవాడు. దాన్నిండా దుమ్ము, చెట్లనుంచి రాలిన దూది, చచ్చిన మిడతలు.

"దీనికి ఊపిరాడాలా వద్దా? నీ ముక్కులో ఇంత దూది కుక్కి ఉరకమంటే ఉరుకుతావా?"

అలా ముఖం రుద్దాకే పని మొదలు. జాలీని లోపలి వైపునుంచి నీళ్లతో కడిగేవాడు. వంగిన రేకుల్ని దువ్వెనతో లేపేవాడు. ఫ్యాను చుట్టూ ఉన్న సందుల్లో స్పాంజి కుక్కేవాడు. గొట్టాలకు సబ్బు నురుగు రాసి, కారేచోటు కనిపెట్టి, దాన్ని మూశాకే గ్యాసు పట్టేవాడు. ఎండలో నిలిపిన బండి తలుపులు తెరిచి వేడిగాలిని వదలకుండానే ఏసీ వేసినవాడికి పోతూ పోతూ ఇంకొకటి తగిలేది. ఒకడి తల మీద ప్లాస్టిక్ ఫ్యాను విరిగిన రోజు కూడా ఉంది. అయినా మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన చెయ్యిపడ్డ టాక్సీలో చిల్లా మధ్యాహ్నం కూడా ముసలమ్మలు శాలువా కప్పుకునేవాళ్లు.

ఆ చెయ్యి అలా ఎందుకు తయారైందో నాకు తెలుసు. కుర్రతనంలో ఉస్తా రైల్వే షెడ్డులో, మాంసం, పండ్లు మోసే చల్లపెట్టెల దగ్గర పనిచేశాడు. అక్కడి మేస్త్రీ ఇనుపగొట్టం పట్టుకుని తిరిగేవాడట. తప్పేమిటో చెప్పేవాడు కాదు, వీపు మీద ఒకటి వేసి వెళ్లిపోయేవాడు. "ఎందుకు కొట్టాడో నేనే కనుక్కునేవాణ్ణి, అట్ల నేర్చుకున్నా పని" అని ఉస్తా గొప్పగా చెప్పుకునేవాడు. బెల్టులో పడి ఎడమచేతి చిటికెనవేలు తెగిన రోజు కూడా మేస్త్రీ ముందు ఒకటి తగిలించి, తర్వాత కట్టుకట్టాడట. ఇది చెబుతూ ఉస్తా నవ్వేవాడు. నాకు మాత్రం ఆ మేస్త్రీ మీద ఒళ్లు మండేది.

వీధి చివర ఆయన తమ్ముడు బూరీ కొట్టు పెట్టాడు. కడగడం, దువ్వడం అతనికి లేవు. వంటింటి సిలిండరు తెచ్చి ఏసీలో వంటగ్యాసు ఎక్కించేవాడు. టీ చల్లారేలోపు బండి చల్లబడేది, అదీ మామూలు ఏసీ గ్యాసు కంటే ఎక్కువగా. టాక్సీవాళ్లు బారులు తీరారు. ఉస్తా ఒకరోజు వెళ్లి సిలిండరును వీధి కాలవలోకి విసిరి, వెనకే తమ్ముణ్ణీ విసిరాడు. బూరీ ముందుపన్ను ఊడింది. ఎందుకు కొట్టావన్నా అని అతను నోటినిండా రక్తంతో అడిగితే ఉస్తా ఉమ్మేసి వచ్చేశాడు. బేరాలు పోయాయన్న కడుపుమంట అని వీధంతా అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

మరేమనుకుంటాం? మా ఊళ్లో కార్లే గ్యాసుతో నడుస్తాయి. డిక్కీలో సిలిండరు పెట్టుకునే పెళ్లిళ్లకూ చావులకూ వెళతాం. కారులో గ్యాసు వాసన వస్తే ఎవరూ ఉలిక్కిపడరు, అది ఎప్పుడూ ఉండేదే. బంకులో పట్టించేటప్పుడు మాత్రం నిబంధన ప్రకారం అందరం దిగి గోడవెనక నిలబడతాం. అదే గ్యాసును డ్యాష్‌బోర్డులో, ముక్కుకు జానెడు దూరంలో నింపుకుంటే మాకేమీ అనిపించలేదు.

ఉస్తా అల్లుడు అల్లాయార్ కూడా టాక్సీ డ్రైవరే. బూరీ దగ్గర గ్యాసు కొట్టిస్తే పోలా అన్నందుకు మామగారి చేత రెండుమూడుసార్లు చెంపదెబ్బలు తిన్నాడు. నెమ్మదస్తుడు, చెంప తడుముకుని ఊరుకునేవాడు. చిల్లా మొదట్లోనే ఉస్తా కూతురు సనోబర్‌కు మగపిల్లాడు పుట్టాడు. తల్లీబిడ్డల్ని ఆసుపత్రినుంచి ఇంటికి తేవాలి, అల్లాయార్ బండిలో చల్లదనం లేదు. ఉస్తా డ్యాష్‌బోర్డు విప్పి చూశాడు. లోపలి కూలింగ్ కాయిల్‌కు చిల్లి ఉంది. కొత్తది తెప్పిస్తాను, బండి వదిలిపో అని కసిరాడు. మర్నాడే బిడ్డ ఇంటికొస్తుంటే బండి ఎలా వదలడం? అల్లాయార్ డ్యాష్‌బోర్డు బిగించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం బూరీ మా కొట్ల ముందునుంచి పోతూ, అన్నను కాస్త చల్లబరుద్దామనుకున్నాడో ఏమో, ఊడిన పన్ను కనపడేలా నవ్వాడు. "నీ మనవడికి ఉక్కపోత లేదులే అన్నా. పొద్దున నేనే నింపి పంపినా."

ఉస్తా చేతిలో పెద్ద పానా ఉంది. బూరీ తల పగలడం ఖాయమని నేను లేచాను. కానీ ఆయన పానా పారేసి నా కారులో కూలబడి, అల్లుడింటికి పోనిమ్మన్నాడు. దారిలో ఒక్కటే మాట: "కాయిల్ చిల్లిది. అదంతా లోపలికే వస్తాది. వియ్యపురాలు నిప్పులతో కాసుకునుంటాది."

అప్పటికి గానీ నాకు తట్టలేదు. కొత్తబిడ్డ గుమ్మం తొక్కేముందు మా ఆడవాళ్లు ఇస్రిక్ ఆకు నిప్పుల మీద వేసి, ఆ పొగతో దిష్టి తీస్తారు. ఆ నిప్పుల పెనాన్ని కారు లోపలికంటా తిప్పుతారు. పొగ పడేదాకా తల్లి దిగకూడదు. బిడ్డకు గాలి తగలకుండా అద్దాలు ఎక్కించే ఉంచుతారు. నేను హారన్ మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

మేము చేరేసరికి ఆ ఇంటిముందు జనం. ఇంజను ఆపేసి, అద్దాలు మూసిన బండిలో వెనక సనోబర్, ఒళ్లో బిడ్డ. అల్లాయార్ తల్లి హాల్బీబీ పొగలేచే పెనం పట్టుకుని బండివైపు వస్తోంది. నా కారు ఆగకముందే ఉస్తా దూకాడు. పెనాన్ని ఒక్క తన్ను తన్నాడు. నిప్పులు చెదిరి ఆమె పాదాల మీద పడ్డాయి, ఆమె గావుకేక పెట్టింది. వెనక తలుపుకు గడియ పడి ఉంది. ఆయన మోచేత్తో అద్దం పగలగొట్టి, లోపలికి చెయ్యి పెట్టి తలుపు తీసి, కూతుర్ని జుట్టుపట్టి బిడ్డతో సహా బయటికి లాగాడు. ఆమె మోకాళ్లు చెక్కుకుపోయాయి. బిడ్డ మీద గాజుపెంకులు రాలాయి.

మనవడి దిష్టిపొగను కాలితో తన్నిన మనిషిని ఎవరు ఊరుకుంటారు? ఆడవాళ్లు తల్లీబిడ్డల్ని ఇంట్లోకి తీసుకుపోయారు. మగవాళ్లు ఆయన మీద పడ్డారు. ఒకడు పారకర్రతో వీపు మీద, ఇంకొకడు బూటుతో నోటి మీద. అడ్డం వెళ్లిన నాకూ దవడ వాచింది. మామగారి మీద ఎన్నడూ చెయ్యెత్తని అల్లాయార్ ఆయన గుండెల మీద కూర్చుని కొట్టాడు, తిన్నవన్నీ తిరిగిచ్చాడు. ఉస్తా నోట్లోనుంచి రక్తంతోబాటు గ్యాసు గ్యాసు అనే మాటే వస్తోంది. ఎవరి బండిలో లేదు గ్యాసు, ఈ ముసలోడికి పిచ్చెక్కింది అన్నారు. పెనంలో నిప్పులు లోపలికి పోకూడదని నేను అరిచినా ఆ గోలలో వినేవాడెవడు?

హాల్బీబీ నేల మీద కూర్చుని, శకునం చెడిపోయింది, పిల్లాడికి ఏమవుతుందోనని ఏడుస్తోంది. అది విని అల్లాయార్ లేచాడు. చెదిరిన నిప్పుల్ని పెనంలోకి ఎత్తి, ఆకు చల్లి, బండికి తానే పొగ పడతానని ముందు తలుపు తీశాడు. వంటగ్యాసు గాలికంటే బరువైనది, అద్దం పగిలినా కాళ్లదగ్గరే పడి ఉంటుంది. నలుగురి కింద నలుగుతున్న ఉస్తా అప్పుడు అరిచాడు: "రేయ్, అది మండుతాదిరా!"

ఆ మాట ఆయన నోట మేమంతా వినడం అదే మొదలు. పెనం సీటు ముందు, కాళ్లుపెట్టే చోటికి దిగింది. భగ్గుమన్న చప్పుడుకు ముందద్దం ఎగిరి వీధిలో పడింది. అల్లాయార్ సగం లోపల, సగం బయట. పట్టుకున్నవాళ్లంతా పారిపోయారు, ఉస్తా ఒక్కడే బండివైపు వెళ్లాడు. కరుగుతున్న ప్లాస్టిక్‌లోకి రెండు చేతులూ పెట్టి అల్లుణ్ణి ఈడ్చుకొచ్చాడు.

కాలినవాళ్ల వార్డులో ఇద్దరికీ పక్కపక్క మంచాలు. అల్లాయార్ ముఖం నిండా కట్లు, ఒక కన్ను పోయింది. మాట వచ్చిన రోజున నేను అక్కడే ఉన్నాను.

"ఆ గ్యాసు మాటెత్తితే ఎన్నిసార్లు కొట్టినావు మామా," అన్నాడు నెమ్మదిగా. "మండుతాదని ఒక్కసారి చెప్పుంటే సరిపోయుండు గదా."

"నాకెవురూ చెప్పలేదురా," అన్నాడు ఉస్తా. "కొట్టినారు. నేను కనుక్కున్నా. నువ్వూ కనుక్కుంటావనుకున్నా." ఆ పైన గోడవైపు తిరిగాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు ఉస్తా వేళ్లు ముడుచుకుపోయాయి, పానా పట్టవు. షెడ్డు ముందు చెక్క మంచం మీద కూర్చుంటాడు. బూరీ ఇప్పుడు అన్న షెడ్డులోనే, ఆయన చెప్పినట్టు కండెన్సర్లు కడుగుతాడు, సందులు మూస్తాడు. నిన్న ఎవడో టాక్సీవాడొచ్చాడు. ఇదంతా ఎందుకు, వంటగ్యాసు కొట్టేస్తే పోలా అన్నాడు. ఉస్తా చెయ్యి దానంతటదే పైకి లేచింది. బూరీ తల దించుకున్నాడు. ఉస్తా ఆ చేతిని ఒళ్లోకి దించుకుని, వాణ్ణి పక్కన కూర్చోమని, అది ఎక్కణ్ణుంచి కారుతుందో, ఎక్కడ చేరుతుందో, ఎలా అంటుకుంటుందో మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.