క్రియాటినిన్ చీటీ, మెడలో గడ్డ

పలాస దగ్గర ఒక ఊరి బడిలో చిన్నపిల్లలకు ఎక్కాలు చెబుతాను. నా గొంతు ముందు రైలు కూత కూడా దిగదుడుపేనని పిల్లల తల్లులు ఎగతాళి చేస్తారు. ఆ గొంతు దగ్గరే గడ్డ లేచింది. చూడలేదని కాదు, చూసి ఊరుకున్నాను.

మా ఉద్దానంలో రోగమంటే కిడ్నీయే. మా నాన్నను తీసుకుపోయింది అదే. అందుకని ఆర్నెల్లకోసారి పలాసలో రక్తపరీక్ష చేయించుకుని, కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ చీటీ పర్సులో పెట్టుకు తిరుగుతాను. ఒకసారి రక్తం తీసే అతను నా మెడ చూసి, "మేడం, వాపు కనబడతంది. థైరాయిడ్ కూడా రాయమంటారా?" అన్నాడు.

"అదేటీ వద్దు బాబూ, క్రియాటినిన్ సూడు, సాలు" అన్నాను. అది బాగుంటే మనిషి బాగున్నట్టేనని నా నమ్మకం. అలా రెండేళ్లు గడిపేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ముద్ద మింగుడుపడనప్పుడు గానీ విశాఖ వెళ్లలేదు. సూదితో గడ్డలోంచి కాస్త తీసి పరీక్ష చేసి, థైరాయిడ్ గ్రంథిలో లేచిందని, భయపడే గడ్డ కాదుగానీ తీసేయాలన్నారు. అత్త గోల మొదలెట్టింది. "పుస్తెల తాడు ఆనే సోట కోతేటే? నలుగురూ ఏటనుకుంటారు?"

బావ, అంటే మా ఆయన, ఫోన్‌లో వీడియోలు పట్టుకొచ్చాడు. కింది పెదవి లోపలి నుంచో, చంకలోంచో కెమెరా పంపి గడ్డ తీసేస్తారట. "సూడు, మెడ మీద మచ్చే ఉండదు" అన్నాడు. అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. కానీ మాటకు ప్రాణమైన నరం ఆ గ్రంథి వెనకాలే ఉంటుందని అదే వీడియోలో చెప్పారు. అది విన్నప్పటి నుంచి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. ఏ దారిలో వెళ్తే నా గొంతు నాకు మిగులుతుంది?

టెక్కలిలో ఇలాంటి గడ్డకే మెడ కోయించుకున్న ఒక టీచరమ్మ ఉందంటే వెళ్లాను. ఆవిడ మచ్చ చూపించింది, మెడ ముడతలో సన్నటి గీత. నేను మచ్చ చూడటం మానేసి ఆవిడ మాట వింటూ కూర్చున్నాను. కాస్త బొంగురుగా ఉందా? ముందునుంచీ అంతేనా? అడగడానికి నోరు రాలేదు.

విశాఖలో డాక్టరు తేల్చేశారు. "ఎటు నుంచి వెళ్లినా ఆ నరం పక్కనే పని చెయ్యాలమ్మా. కెమెరా అయితే మచ్చ కనబడదు గానీ, అక్కడిదాకా లోపల దారి చేసుకోవాలి. మెడ మీద కోస్తే మచ్చ ఉంటుంది, గడ్డ కళ్లెదుటే ఉంటుంది. చిన్నగా ఉన్నప్పుడే వస్తే ఏది కావాలో మీరే చెప్పేవారు. ఇంత గడ్డ ఆ సన్నదారిలో రాదు."

"గొంతు పోదు కదండీ?"

"చాలామందికి పోదు. మీకు పోదని రాసివ్వలేను."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆపరేషన్ ముందురోజు రక్తం తీసుకెళ్లారు. ఫలితం ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే మంచం మీద కూర్చుని పంతొమ్మిదో ఎక్కం పైకి చదివాను. ఇదే ఆఖరిసారేమోనని ఏడుపొచ్చింది. పక్క మంచం ఆవిడ నాకు పిచ్చి పట్టిందనుకునే ఉంటుంది.

మెలకువ వచ్చేసరికి మెడకు కట్టు ఉంది. ఎదురుగా డాక్టరు, పక్కన బావ. "ఏదైనా మాట్లాడండమ్మా" అన్నారు డాక్టరు. ఎక్కం చదవాలని ముందే అనుకున్నాను. నోరు తెరిచాను.

"క్రియాటినిన్ ఎంతొచ్చిందండీ?"

గీరుకుపోయినట్టుంది గానీ, నా గొంతే. బావ మొహం పక్కకు తిప్పి కళ్లు తుడుచుకున్నాడు. డాక్టరు ఫక్కున నవ్వారు. "ఉద్దానమా?"

తలూపబోయి ఆగాను. "అవునండీ" అన్నాను. ఆయనకు వినబడిందని తెలిసినా, మళ్లీ అన్నాను.