దానమ్మ నాటకంలో తస్సదియ్యా

పెదపాడు మిషన్ బడిలో దానమ్మ పంతులమ్మతో వాదానికి దిగి నెగ్గినవాళ్ళు లేరు. అలాంటి మనిషి రాసిన నాటకం మీద, బడి వార్షికోత్సవం ఇంకో వారం ఉందనగా, హెడ్మాస్టరు యేసుదాసుగారు ఎర్రపెన్సిలు ఆడించారు. అది పందొమ్మిది వందల ముప్ఫై అయిదో సంవత్సరం కాబోలు.

కథ కొల్లేటి జాలరిది. వానల్లేక పస్తులున్న జాలరి వలలో ఒక్కసారిగా చేపలు పడతాయి. వాడు "తస్సదియ్యా!" అంటాడు. అదీ గొడవ.

"బడిలో అనదగిన మాటేనా ఇది? అర్థమేమిటో తెలుసునా మీకు?" అన్నారు హెడ్మాస్టరుగారు. అడగవచ్చారు పెద్దమనిషి!

"అర్థం మా తాతకీ తెలీదండీ. ఎప్పుడంటారో మాత్రం అందరికీ తెలుసండి. దిగబడ్డ బండిని ఎడ్లు లాగేస్తే అంటారు. ఆశ వదులుకున్న బిడ్డ లేచి గంజి అడిగితే అంటారు. ప్రాణం లేచొచ్చినప్పుడు వచ్చే మాటండి. దాన్ని కొట్టేసి 'ఆహా, ఏమి చిత్రము' అనిపిస్తే వాడు జాలరెలా అవుతాడండీ?"

"ఆ మాట ఉంటే నాటకం ఉండదు" అనేశారాయన.

జాలరి వేషం ఆయనదే మరి. ఆయన పుట్టిందీ కొల్లేటి లంకలో, చేపలు పట్టే ఇంట్లోనే. ఏలూరు బోర్డింగులో తోటిపిల్లలు ఆయన యాసని వెక్కిరించారట. అప్పట్నుంచీ పుస్తకంలా మాట్లాడటం నేర్చి, కన్నతల్లి దగ్గర కూడా మానలేదు. పాపం, ఎవరి బాధ వారిది. కానీ ఆ ఒక్క మాట పోతే తన నాటకం చప్పగా చల్లారిపోతుందని దానమ్మ బాధ.

"సరేనండీ, తీసేస్తాను" అంది. తీసేసింది కూడా. కాగితం చేపలు మాత్రం చేయించలేదు. బాన నిండా బతికున్న కొరమీనులు తెప్పించి, తెర వెనక తడివలలో పోయించింది. ఇక మాట సంగతి చేపలే చూసుకుంటాయని ఆవిడ ధైర్యం.

వార్షికోత్సవం నాటి సాయంత్రం, అందరికంటే ముందున్న చాపమీద యేసుదాసుగారి తల్లి అచ్చమ్మ కూర్చుంది. కొడుకు వేషం చూడ్డానికి లంక నుంచి పడవెక్కి వచ్చింది. ఆయన వల లాగారు. రాలేదు. కాలు తన్నిపెట్టి మళ్ళీ లాగారు. మూరెడు కొరమీను ఎగిరి గుండెల మీద ఫెడీమని కొట్టింది.

"తస్సదియ్యా!"

జనం ఈలలతో బడి దద్దరిల్లింది. రాసిచ్చిన మాటలన్నీ గాలికి పోయాయి. ఆయన తల్లివైపు తిరిగి, "అమ్మోయ్, సూడవే! అన్నీ కొరమేన్లే! పొయ్యి ముట్టించవే!" అని అరిచారు.

తెర వెనక మాటలందిస్తున్న దానమ్మ చేతిలో కాగితాలు మడిచేసింది. అచ్చమ్మ లేచి నిలబడింది. కళ్ళు కొంగుతో ఒత్తుకుంటూనే నవ్వింది.

"ముట్టిత్తానయ్యా, ముట్టిత్తాను. ఇన్నాళ్ళకి అడిగేవు."