ముప్పై అయిదేళ్ల దాకా ఆడుతుందన్నారు

అక్క పోయిందని ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరు హూడిలో మా ఆఫీసు క్యాంటీన్‌లో టీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాను. "పొద్దున పోయిందమ్మా. మధ్యాహ్నం తీసుకుపోతాం, నువ్వు రా," అన్నాడు. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్తున్న మనిషి. ఈ ఫోన్ ఏదో ఒకరోజు వస్తుందని తెలుసు. అయినా ఆ కప్పు ఎక్కడ పెట్టాలో తోచక అలాగే ఉండిపోయాను. ఆమెకు ముప్పై నాలుగేళ్లు.

మాది రక్తసంబంధం కాదు. చిక్కపేటలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాళ్లు. తొంభైల్లో బెంగళూరులో బాస్కెట్‌బాల్ చూసినవాళ్లకు పేరు చెబితే ఇట్టే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఎప్పుడూ అక్కే. ఇక్కడా అలాగే రాస్తాను.

ఆరడుగులకు ఒక్క అంగుళం తక్కువ. వాళ్ల నాన్న చీరల కొట్లో పనిచేసేవాడు. ఏ చీర వెడల్పూ ఆమె ఎత్తుకు చాలదని, కింద అంచుకు వేరే గుడ్డ కలిపి కుట్టించి తెచ్చేవాడు. ఆమె సిగ్గుపడేది కాదు. "మా నాయన నాకోసం చీరనే పెంచినాడు," అని అందరికీ చూపించేది. మంచం మీద మూలగా పడుకునేది. సిటీ బస్సులో నిలబడితే మెడ వంచుకునే ప్రయాణం.

నన్ను ఆటకు పంపడానికి మా ఇంట్లో ఒప్పుకోలేదు. రోజూ తెల్లవారగానే అక్క వచ్చి మా గుమ్మం ముందు నిలబడేది. "మీ బిడ్డను నేనే తీసుకుపోయి నేనే తెచ్చి అప్పజెప్తా పిన్నీ, ఒక గంట," అనేది. పదిహేను రోజులు అలా నిలబడ్డాక మా అమ్మ మెత్తబడింది. నాకు కాలేజీలో సీటు ఆటవల్ల వచ్చింది, ఆ సీటువల్ల ఉద్యోగం వచ్చింది. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ గుమ్మం దగ్గర మొదలైంది.

ఆమె పంతొమ్మిదో ఏట రాష్ట్ర జట్టులోకి వచ్చింది. ఇంకో పదేళ్లు మన జట్టుకు దిగులు లేదని ఒక కన్నడ పేపరు రాసింది. మా కోచ్ సార్ ఆ పదేళ్లకు ఒప్పుకోలేదు. "పదేళ్లేమి? ఈ పిల్లకు ముప్పై అయిదేళ్ల దాకా ఆట ఉండాది. రాసి పెట్టుకోండి," అనేవారు. టీ కొట్టు దగ్గర పెద్దవాళ్లు ఇదే మాట వాదించుకునేవాళ్లు. ఎన్నేళ్లు ఆడుతుంది, ఎవరిని మించిపోతుంది, తర్వాత కోచ్ అవుతుందా, సెలెక్టర్ అవుతుందా. అక్క ఆ పక్కనే కూర్చుని బన్ను టీలో ముంచుకుని తింటూ నవ్వేది.

ఆ ఏడాదే మా క్లబ్బు ఆడిన ఒక టోర్నమెంటు సెమీఫైనల్లో పైకెగిరి బంతి అందుకుని దిగేటప్పుడు ఆమె కుడి మోకాలు మెలిపడింది. మిగతావాళ్లెవరూ గమనించలేదు. బట్టలు మార్చుకునే గదిలో నన్ను పిలిచి ట్రాక్ ప్యాంటు కాలు పైకి లాగి చూపించింది. మోకాలి చిప్ప కనబడనంతగా వాచి ఉంది.

"సార్‌కు చెప్పొద్దు," అంది. "రేపు ఫైనల్‌కు ఉద్యోగమిచ్చేవాళ్లు చూసేదానికి వస్తా ఉండారు. నేను లేకుంటే మీరు గెలవరు కూడా."

ఆ రెండో మాట నిజం. నాకు పదిహేడేళ్లు, గెలవాలని ప్రాణం కొట్టుకుంటోంది. మర్నాడు క్రేప్ బ్యాండేజీ నా చేతులతోనే చుట్టాను. అక్క రెండు నొప్పి మాత్రలు మింగింది. మైదానంలోకి పోయే ముందు సార్ నన్ను పక్కకు పిలిచారు.

"ఆమె కాలు ఎట్లుండాది? కొంచెం ఈడుస్తా ఉన్నట్టుండాదే."

"బాగుండాది సార్," అన్నాను.

గెలిచాం. చివరి నిమిషంలో అక్క పడిపోయింది. ఈసారి అందరూ చూశారు. మేం కప్పు పట్టుకుని ఫొటో దిగినప్పుడు ఆమె ఆటోలో ఆసుపత్రికి పోతూ ఉంది.

ఆపరేషన్ చేశారు. ఉద్యోగమూ వచ్చింది. కానీ ఆటను చూసి ఇచ్చిన ఉద్యోగం, ఆడకపోతే తీసేస్తారని ఆమెకు భయం. ఇంట్లో జీతం తెచ్చేది తనొక్కతే. వాళ్ల నాన్నకు అప్పటికే కళ్లు మందగించాయి. పొద్దున ఒక మాత్ర, మ్యాచ్‌కు ముందు రెండు, ఇంటికొచ్చాక ఇంకొకటి. అలా ఆరేళ్లు ఆఫీసు జట్టుకు ఆడింది. ఆ ఎగరడం మళ్లీ రాలేదు. రాష్ట్ర జట్టు పిలుపూ రాలేదు. ఇరవై అయిదో ఏట షూస్ విప్పేసి ఆఫీసు బల్ల దగ్గర కూర్చుంది. మాత్రలు మాత్రం మానలేదు, నొప్పి ఉండనే ఉంది. కిడ్నీలు చెడ్డాయని తెలిసినప్పుడు, ఆ మాత్రలు ఎన్నేళ్లు వాడావని డాక్టరు మొదట అడిగాడట.

డయాలిసిస్ గదిలో ఒకరోజు, ఇన్నేళ్లు గొంతులో పెట్టుకున్న మాట ఆమె ముందు అనేశాను. "ఆ రోజు నేను సార్‌తో నిజం చెప్పి ఉంటే నీకు ఇది వచ్చేది కాదు కదక్కా."

అక్క గొట్టంలో పోతున్న రక్తం వైపు చూసింది. ఊరడిస్తుందనుకున్నాను.

"నువ్వు చెప్పింటే నిన్ను తిట్టేదాన్ని. ఏడాది మాట్లాడేదాన్ని కాదు," అంది. తర్వాత మెల్లగా, "అయినా నువ్వు చెప్పింటే బాగుండేదప్పా," అంది.

ఆ మాట నన్ను వదలదు. కోపంతో అని ఉంటే మరిచిపోయేదాన్నేమో.

అక్క పోయిన రోజు మధ్యాహ్నం చిక్కపేట సందులో, తోపుడు బండ్లు పక్కకు జరిపిన చోట, కోచ్ సార్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. బాగా ముసలివారయ్యారు. నన్ను చూసి, "ముప్పై అయిదు దాకా ఆడుతుందంటినే, ముప్పై అయిదు దాకా బతకనే లేదు కదమ్మా," అన్నారు. నేను ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, ఆ రోజు అబద్ధం చెప్పానని చెప్పాను.

"తెలుసు," అన్నారు సార్. "అడిగేటప్పుడే తెలుసు. నాకూ గెలవాలని ఉండె. అందుకే రెండోసారి అడగలేదు."

అంతలో అక్కను బయటికి తెచ్చారు.

జబ్బు పడకముందు నాలుగేళ్లు, జబ్బు పడ్డాక ఓపిక ఉన్న రోజుల్లోనూ, అక్క దగ్గర్లోని ఒక బడి మైదానంలో ఆదివారాలు ఆడపిల్లలకు ఆట నేర్పేది. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా నేను పోలేదు. ఆమె కుంటుతూ బంతి వెనక నడవడం చూడలేనని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె పోయిన తర్వాతి ఆదివారం మొదటిసారి వెళ్లాను. ఎవరూ ఉండరనుకున్నాను. పన్నెండు మంది పిల్లలు ఉన్నారు. బంతి ముట్టుకోకుండా గీత మీద వరుసగా నిలబడి, ఒక్కొక్కరే గట్టిగా చెబుతున్నారు. "ఏమీ లేదు." "ఏమీ లేదు." "ఎడమ భుజం, కొంచెం." "ఏమీ లేదు."

ఇదేమిటని అడిగాను.

"యాడ నొప్పి ఉండాదో చెప్పాల," అంది ఒక పిల్ల. "చెప్పకుండా ఆడితే అక్క ఊరుకోదు."

వరుస చివర ఉన్న అమ్మాయి అందరికన్నా పొడుగు. "మోకాలు," అంది. ఎవరూ ఆమెను ఆడమని బతిమాలలేదు, ఎవరూ మొహం ముడుచుకోలేదు. ఆమె పక్కకు వెళ్లి సిమెంటు మెట్టు మీద కూర్చుని, కాలు ఎండలోకి చాచుకుంది. మిగతావాళ్లు ఆట మొదలుపెట్టారు. పొడుగమ్మాయి లేని జట్టు ఓడిపోతూ ఉంది. ఆమె అరుస్తోంది, చప్పట్లు కొడుతోంది, మోకాలి మీద అరచెయ్యి వేసుకుని మెట్టు మీదే కూర్చుని ఉంది.