దేవదానం పేరుతో అచ్చయిన నా ప్రశ్న

ఇరవై ఏళ్లుగా ఈ మాట చెబుతూనే ఉన్నాను. విన్నవాళ్లు నవ్వారే తప్ప, నిజమా అని ఒక్కరూ అడగలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మొన్న క్రిస్మస్‌కు బెల్లంపల్లిలో నా చిన్ననాటి దోస్తు దేవదానం ఇంటికి పోతే, ముందు గదిలో వాడు గెలిచిన హాకీ కప్పు పక్కన, అద్దం బిగించిన చిన్న కాగితం ముక్క కనిపించింది. దాని మూలన ఉన్న నూనె మరకను చూడగానే మల్లేశం కటింగ్ షాపు వాసన ముక్కుకు తగిలింది: కొబ్బరినూనె, పటిక, తలుపులోంచి వచ్చే బొగ్గు పొగ. ఆ కాగితం మీద అచ్చయిన పేరు దేవదానానిది. ప్రశ్న నాది.

మా బాపు, దేవదానం నాయన ఒకే గనిలో పనిచేసేవారు. క్వార్టర్లు పక్కపక్కనే. పొద్దున సైరన్ కూసేసరికి ప్రతి వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజుకునేది, ఆ పొగ బడి గంట కొట్టేదాకా ఇళ్ల మీదే కూర్చునేది, దండెం మీద ఆరేసిన తెల్ల అంగీలన్నీ మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరిగేవి. ఎండాకాలం తునికి పండ్లు, వానాకాలం అదే పొయ్యి మీద కాల్చిన మక్క కంకులు. సద్దుల బతుకమ్మ నాడు మా అవ్వ చేసిన మలీద ముద్దలు వాళ్లింటికి, క్రిస్మస్‌కు వాళ్లమ్మ చేసిన గరిజెలు మా ఇంటికి. వాళ్ల గరిజెలే బాగుండేవి. అది కూడా నాకు కష్టంగానే ఉండేది.

దేవదానం మేనమామ రైల్వేలో ఉండేవాడు. పిడికి గుడ్డపట్టీ చుట్టిన అసలైన హాకీ కర్ర తెచ్చిచ్చాడు. నేను వంకర తుమ్మ కొమ్మ నరికి, బెరడు తీసి, నిప్పుల మీద వేడిచేసి వంచుకున్నాను. నల్లటి దుమ్ములో వాడు నలుగురిని తప్పించుకుని బంతితో పోతుంటే, నా కొమ్మ మెడ దగ్గర విరిగేది. ఆదివారం చర్చిలో వాడు డోలక్ వాయిస్తుంటే నేను కిటికీ బయట నిలబడి వినేవాణ్ని. ఇంటికొచ్చి రేకు డబ్బా మీద అదే దరువు వేస్తే బాపు లేచేవాడు. "డ్యూటీ చేసొచ్చిన్ర, జర పండనియ్యి. ఆ డబ్బా ఏం పాపం చేసింది?"

ఆటా వాడిదే, పాటా వాడిదే. నాకు మిగిలింది సినిమా కబుర్లు. శుక్రవారం రైల్లో సినిమా పత్రిక రాగానే మల్లేశం షాపులో గొంతెత్తి చదివేది నేనే. చివరి పేజీలో పాఠకుల ప్రశ్నలు, జవాబులు. మూడేళ్లు వారం వారం కార్డులు రాశాను, ఒక్కటీ పడలేదు. ఒక పేరుకు వారానికి ఒకే ప్రశ్న అని నియమం. ఒక వారం రెండు తోచాయి. పాట వెనక డోలక్ కొట్టినవాడి పేరు రికార్డు మీద ఎందుకుండదన్నది గొప్పదనుకుని నా పేరున రాసుకున్నాను. మిగిలినదాన్ని దేవదానానికి చెప్పకుండా వాడి పేరున పంపాను.

పడింది. చదివింది నేనే. "మన సినిమాల్లో హాకీ కర్ర తలలు పగలగొట్టడానికే గానీ ఆడడానికి ఎందుకు వాడరు? దేవదానం, బెల్లంపల్లి." దాని కింద జవాబు: "ఆడితే గోలు. కొడితే ఈలలు."

మల్లేశం సబ్బు నురగ మధ్యలో కత్తి ఆపాడు. "మన దేవదానమేనా! ఆట తెల్సినోడే అడగాలె గిసొంటి ప్రశ్న. ఇంకొకడు మూడేండ్ల సంది రాస్తనే ఉన్నడు, ఏం ఫాయిదా?"

షాపంతా నా వైపు చూసి నవ్వింది. మల్లేశం నూనె చేత్తోనే ఆ ముక్క కత్తిరించి, దేవదానం రాగానే వాడి జేబులో పెట్టాడు. వాడు నన్ను బయటికి లాక్కుపోయాడు.

"నేను కార్డే రాయలే కదరా రాజేశం. నువ్వేనా?"

నేను కాలి బొటనవేలితో నేల గీకాను.

"లోపలికి పోయి చెప్పాల్నా, నువ్వు రాసినవని?"

"ఏమద్దు. నాకు గసొంటియి మస్తు పడ్తయ్. నువ్వే ఉంచుకో."

ఆ తర్వాత ఒక్కటీ పడలేదు.

ఇప్పుడు మేం హాకీ ఆడిన మైదానంలో లారీలు ఆగుతున్నాయి. పిల్లల చేతుల్లో క్రికెట్ బ్యాట్లే. బొగ్గుల పొయ్యిలు పోయి గ్యాసు వచ్చింది. మల్లేశం కొడుకు షాపులో కలర్ టీవీ పెట్టాడు, సినిమా కబురు శుక్రవారం దాకా ఆగదు, ఎవరూ నన్ను అడగరు. మొన్న దేవదానం కొడుకు తన దోస్తులకు ఆ అద్దం చూపించి, "మా బాపు ప్రశ్న పత్రికల పడ్డది" అన్నాడు. దేవదానం నా వైపు చూశాడు. నా నోట్లో గరిజె ఉంది. వాడు పళ్లెం నా వైపు జరిపాడు.

వద్దన్నది నేనే, ఒప్పుకుంటాను. పదమూడేళ్ల పిల్లవాడు ఏడుపు దిగమింగి వద్దంటే, ఇరవై ఏళ్లు దాని మీదే నిలబడాలా? దేవదానం, నేనిది రాస్తున్న పత్రిక మీ ఇంటికి వస్తుందని నాకు తెలుసు. నీ కప్పు నీదే, నీ డోలక్ నీదే. ఆ రోజు షాపు బయట నన్ను అడిగిన మాట ఇంకొక్కసారి అడుగు. ఈసారి వద్దనను. అడుగుతావో లేదో కార్డు రాయి. నీ చేతిరాతతో, నీ పేరుతో.