పెండ్లి విచారణకు వచ్చిన సలహాదారు

డిగ్రీ చేతికొస్తే చాలు, లోకమంతా మన సలహా కోసం కాచుకుని ఉంటుందని నమ్మిన కాలం అది. డెబ్బైల చివరి మాట. తమిళనాడు అంచున, పళ్ళిపట్టు పక్కన సేద్యం చేసుకునే తెలుగు ఇంటివాణ్ణి నేను. మద్రాసులో చదువు ముగించి, ఫ్యాక్టరీలకు వెళ్ళి అక్కడ పని ఎందుకు సరిగ్గా సాగడం లేదో కనిపెట్టి చెప్పే ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆ ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. (నాకూ పూర్తిగా కాలేదు. కానీ టై కట్టుకున్నాక ఆ సంగతి బయటికి చెప్పకూడదు కదా.) మా నాయన మాత్రం చాలాసేపు ఆలోచించి, "ఊర్లో అందురూ ఊరికే చెప్పే సలహాకు నీకు జీతమిస్తారా? సరి, ఇచ్చినన్ని దినాలు తీసుకో" అన్నాడు.

మొదట నన్ను పంపింది తిరువళ్ళూరు శివార్లలోని ఒక పంపుసెట్ల ఫ్యాక్టరీకి. అక్కడ పనివాళ్ళు ఎక్కువమంది మా తిరుత్తణి పక్క తెలుగువాళ్ళే. పని బాగా నేర్చుకున్నవాళ్ళంతా ఏడాది తిరక్కుండానే మానేసి పోతున్నారట. ఎందుకో కనిపెట్టాలి. కనిపెడితే నా ఉద్యోగం ఖాయం, లేకపోతే పళ్ళిపట్టు బస్సు. మా పెద్దసారు నాకు నేర్పిన పద్ధతి ఒక్కటే: ఏ మనిషినీ అతని గురించి అడగొద్దు, పక్క మిషన్ మీద ఉన్నవాడి గురించి అడుగు, అప్పుడే నిజం బయటికొస్తుంది. సరేనని నేను మిషన్ మిషన్‌కీ వెళ్ళి, ఆ పక్కవాడు ఎట్లాంటివాడు, కోపిష్ఠా, తాగుడు అలవాటుందా, వేళకు వస్తాడా, ఇంట్లో ఎవరెవరున్నారు, సొంత ఇల్లా అద్దె ఇల్లా, ఒంట్లో ఏమైనా జబ్బుందా అని గొంతు తగ్గించి మర్యాదగా అడగసాగాను.

నాకు దొరికిన జవాబులు విని నాకే ఆశ్చర్యమేసింది. అందరూ బంగారమే. ముందురోజు స్పానరు విసిరి కొట్టుకున్న ఇద్దరు కూడా ఒకరి గురించి ఒకరు, ఇంత శాంతమైన మనిషిని జిల్లాలో చూడలేదన్నారు. రెండో వారానికి కుర్రవాళ్ళంతా తల నున్నగా దువ్వుకుని, విభూది పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాల్లో రావడం మొదలుపెట్టారు. గ్రీజు పనికి ఇస్త్రీ చొక్కా ఎందుకని నాకు తట్టలేదు. నా రాకతో క్రమశిక్షణ పెరిగిందని రిపోర్టులో రాసుకున్నాను. అద్దంలో చూసుకుంటే నాలో ఏదో తేజస్సు ఉన్నట్టే కనిపించింది కూడా.

రిపోర్టు చదివి పెద్దసారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. ఇది ఫ్యాక్టరీనా, మఠమా అని అడిగారు. ఇంత మంచివాళ్ళు ఇంత సుఖంగా ఉంటే మరి ఎందుకు పోతున్నారో అది చెప్పవయ్యా అన్నారు. ఇంకో వారం గడువిచ్చి, ఆ తర్వాత నీ దారి నీదే అన్నారు.

ఆ దిగులుతో క్యాంటీన్‌లో కాఫీ ముందు కూర్చుని ఉంటే, అక్కడ వంటచేసే తిరుత్తణి అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి మెల్లగా, "అయ్యా, పొణ్ణు మీ చెల్లెలా, మీ అన్న కూతురా?" అని అడిగింది.

పొణ్ణంటే పెండ్లికూతురు. సంగతి తట్టగానే భూమి చీలితే దూరిపోదామనిపించింది. మా పక్క ఆడపిల్ల తరఫువాళ్ళు పిల్లవాడి ఇంటికి వెళ్ళేముందు, అతను పనిచేసే చోటికి ఒక బంధువును పంపి చాటుగా విచారించడం వాడుక. ఆ వచ్చినవాడు అడిగే ప్రశ్నలు అచ్చం మా పెద్దసారు ప్రశ్నలే. ఒకరి సంబంధం చెడగొట్టిన పాపం తనకెందుకని ఎవరూ చెడ్డ మాట చెప్పరు. అందులోనూ నేను తెలుగువాణ్ణి, పళ్ళిపట్టువాణ్ణి, వాళ్ళకు ఏదో ఒక వరస తగిలేవాణ్ణి. అంటే నేను అన్ని రోజులూ మేనేజ్‌మెంటు శాస్త్రం చేస్తున్నాననుకుంటూ పెండ్లిసంబంధాలు చూశానన్నమాట.

సిగ్గు తగ్గాక బుర్ర పనిచేసింది. (అప్పుడప్పుడు చేసేది.) అందరూ ఫోర్‌మన్ మామ అని పిలిచే పెద్దాయన ఒకడుండేవాడు, తిరుత్తణి మనిషే, నవ్వడం ఎరగడు. ఆయన దగ్గరికెళ్ళి, నాకు చెల్లెలు లేదని ముందే చెప్పేశాను. ఉండి ఉంటే మాత్రం, ఈ ఫ్యాక్టరీ మనిషికి ఇవ్వమంటావా మామా అని అడిగాను.

ఆయన మిషన్ ఆపాడు. "ఇయ్యొద్దు. నా కూతుర్నే ఈడ పనిచేసేవాడికి ఇయ్యలేదు నేను. పిల్లోళ్ళు మంచోళ్ళే. ఈడ సైరన్ కూసేటప్పటికి ఆడ టేసన్లో తిరుత్తణి రైలుబండి కదిలిపోతాది. మళ్ళా బండి పట్టుకోని ఇల్లు చేరేసరికి బిడ్డలు నిద్రపోయుంటారు. పొద్దున వాళ్ళు లేయకముందే మళ్ళా వచ్చేయాల. నాయన మొగం మర్చిపోతారయ్యా బిడ్డలు. ఇంటికాడ ఏ చిన్న షెడ్డులో చోటు దొరికినా పోతాడు గదా మనిషి."

నేను శనివారం వస్తే మధ్యాహ్నమే ఊరికి బయల్దేరే దొరబాబుని. అందుకే నాకు ఆ సాయంత్రం బండితో పనే పడలేదు, దాని సంగతీ తెలియలేదు.

ఫ్యాక్టరీ సొంతదారు ముదలాళి గదిలో పెద్దసారు పక్కన నిలబడి, మధ్యాహ్నం అన్నం వేళ అవసరానికి మించి ఉంది, అందులో కొంచెం కోసి సాయంత్రం సైరన్ ముందుకు జరపండి, వాళ్ళకు బండి దొరుకుతుంది అని చెప్పాను. అంతే నా సలహా. ముదలాళి తెలుగు వ్యాపారుల ఇంటివాడు, పెద్ద గొంతు. ఆ వేళ మా నాయన పెట్టింది, దాన్ని మార్చేదానికి నువ్వెవరు అన్నాడు. పెద్దసారు నా బూటును తొక్కారు. ఉద్యోగం పోయిందని నాకు అర్థమైపోయింది. పోయేదెలాగూ పోయిందన్న తెగింపుతో, "అయ్యా, బిడ్డల్ని మేలుకొని ఉండగా చూడలేని మనిషికి మీ అమ్మాయిని ఇస్తారా?" అన్నాను.

ఆయన కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. నాకు నలుగురు ఆడపిల్లలు అన్నాడు. తర్వాత, ఒక నెల చూద్దాం లే అన్నాడు. బయటికొచ్చాక పెద్దసారు నా భుజం తట్టి, రేపు ఆఫీసుకు రా, ఉద్యోగం కాగితం టైపు చేయిస్తానన్నారు.

సైరన్ వేళ మారిన మొదటి శనివారం నేను కూడా ఆ బండే ఎక్కాను. పెట్టె నిండా మావాళ్ళే. అరక్కోణం దాటినా ఇంకా ఎండ ఉంది. తిరుత్తణి కొండ కనబడగానే లేత్ మీద పనిచేసే ఒకతను, ఇంకా పొద్దు ఉండగా మా వీధి చూసి ఎన్నాళ్ళయిందో అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తానే. ఫోర్‌మన్ మామ నా వైపు చూసి మొదటిసారి నవ్వాడు. "ఈ రోజు నా మనమడు మేలుకోనే ఉంటాడు" అన్నాడు.

 నేను తలుపు దగ్గరికి పోయి, పొలాలు చూస్తున్నట్టు నటిస్తూ టై కొసతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ తర్వాత ఎన్నో పెద్ద కంపెనీలకు లావుపాటి రిపోర్టులు రాశాను. వాటిలో ఒక్కటీ ఇప్పుడు గుర్తు లేదు. ఆ తలుపు దగ్గర వీపు తిప్పి నిలబడ్డ కుర్రాడు మాత్రం గుర్తున్నాడు. ఈ వయసులో వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, గర్వంగానూ ఉంటుంది. వాడి భుజం పట్టుకుని ఇటు తిప్పాలనిపిస్తుంది. కన్నీళ్ళైతే ఏమిట్రా, లోపలికి తిరుగు, అంతమంది నవ్వుతూ ఇంటికి పోతుంటే నువ్వు పొలాలు చూస్తావేం?