కదిరప్ప సార్ రాసిన బోర్డు

పొద్దున ధర్మవరంలో మా పక్కింటి టీచరమ్మ ట్యూషన్ పిల్లలకు వరండాలో లెక్కలు రాస్తుంటే సుద్దముక్క బోర్డు మీద కీచుమంది. పళ్లు జిల్లుమన్నాయి. అది ఎవరికైనా అవుతుంది. నాకు మాత్రం ఆ వెంటనే ఒళ్లు మండింది. టీ గ్లాసు కింద పెట్టేసి లోపలికి వచ్చాను. ఒకప్పుడు ప్రతిరోజూ ఎనిమిది గంటలకు ఆ చప్పుడు విని డ్యూటీ ఎక్కేదాన్ని. ఆ చప్పుడు చేసిన మనిషి ఇప్పుడు లేడు. ఆయన్ని ఆ బోర్డు దగ్గర్నుంచి తరిమినవాళ్లు ప్రమోషన్లు తీసుకుని క్షేమంగా ఉన్నారు. ఆయన్ని చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆయన పేరు కదిరప్ప. హెడ్ కానిస్టేబుల్. సొంత ఊరు నల్లమాడ వైపు, గొర్రెలు మేపుకునే ఇల్లు. నేను కానిస్టేబుల్‌గా మొదట చేరిన స్టేషన్‌లో ఆయన పని చేసేవాడు. పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో ఒక చిన్న ఊరది. పేరు రాయను. పేరు రాస్తే ఆ ఒక్క ఊరే తప్పు చేసిందని మిగతావాళ్లు నిమ్మళంగా ఊపిరి పీల్చుకుంటారు. అది నాకు ఇష్టం లేదు.

నేను చేరిన రోజు స్టేషన్ గేటు పక్కన గోడకు ఒక నల్లబోర్డు ఉంది. పైన 'నిన్న ఏం జరిగింది' అని పెయింటుతో రాసుంది. కింద సుద్దతో నాలుగు వరుసలు. వాటిలో ఒకటి నాకింకా గుర్తుంది. 'బస్టాండు కాడ ఒక బైకు పోయింది. రెండు దినాలు వెతికినాం. దొరకలేదు. ఇంకా వెతుకుతాండాం.' పోలీసులు తమకు దొరకలేదని తామే రాసుకోవడం నేను ఎక్కడా చూడలేదు. ట్రైనింగ్‌లో నేర్పింది వేరు. బయటివాళ్లు అడిగితే 'దర్యాప్తులో ఉంది' అనాలి, ఇంకా అడిగితే గద్దించాలి.

"దొరకలేదని రాస్తే జనం నవ్వరా సార్?" అని అడిగాను.

ఆయన చేతులకంటిన సుద్దపొడి దులుపుకున్నాడు. "నవ్వనీ పాపా. దొరకలేదని మనమే చెప్తే, దొరికింది అని చెప్పిన పొద్దు నమ్ముతారు. నమ్మకపోతే మనమెందుకు ఈడ? ఈ ఖాకీ గుడ్డలెందుకు?"

అప్పుడే కూలికి పోయే ఒకామె బోర్డు ముందు నిలబడి అక్షరాల వంక చూస్తోంది. కదిరప్ప సార్ నన్ను ఆమె దగ్గరికి పంపాడు. "ఆయమ్మకు చదవను రాదు. నువ్వు చదివి చెప్పు. ఇంగ మీద రోజూ ఇదే నీ డ్యూటీ." నాకు చిన్నతనంగా అనిపించింది. మా నాయన పొలం పనికి, అమ్మ చర్చి ఊడ్చే పనికి పోయి చదివిస్తే పోలీసునయ్యాను. యూనిఫాం వేసుకుంది బోర్డు చదివి పెట్టడానికా అనుకున్నాను. నెల తిరిగేసరికి ఎనిమిదింటికి ముప్పైమంది నిలబడేవాళ్లు. చదవడం అయ్యాక వాళ్లే చెప్పేవాళ్లు. ఫలానా సందులో లైటు వెలగడం లేదని, ఫలానా ఇంట్లో ఆడమనిషి ఏడుపు వినబడుతోందని, ఎవరో కొత్త మనిషి సత్రం వైపు తిరుగుతున్నాడని. స్టేషన్ గడప తొక్కడానికి భయపడే జనం గేటు బయట నిలబడి మాకు దారి చూపించేవాళ్లు.

ఆ ఏడాదే ఫోన్లలో ఒక మెసేజ్ తిరిగింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని, కిడ్నీలు తీసేస్తున్నారని, ఎక్కడిదో ఒక భయంకరమైన వీడియో. పాత గుడ్డలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఒకామెను సంత దగ్గర జనం చుట్టుముట్టారు. కానీ కొట్టలేదు. చెయ్యి పట్టుకుని మా స్టేషన్‌కు తీసుకొచ్చారు. "ఏమప్పా కదిరప్పా, ఈయమ్మ ఎవరో కనుక్కో, నీ బోర్డు మీద రాయి" అన్నారు. ఆయన ఆమెను బోర్డు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. ఆమె ఊరివాళ్లకు ఫోన్ చేసి మాట్లాడాడు. బీరువాలోంచి మైకు తీసి ఆటోలో ఎక్కి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని వీధివీధీ తిరిగాడు.

"ఇనండప్పా, ఇనండమ్మా. ఈ అక్కది మడకశిర పక్క. పాత గుడ్డలకు గిన్నెలిస్తాది. పిల్లల్ని ఎత్తకపోయేటోళ్లు యాడా లేరు. ఫోన్లో వచ్చింది అబద్ధం. ఎవుర్నన్నా చూసి అనుమానం వస్తే చెయ్యి ఎత్తొద్దండి. నా కాడికి తోలకరాండి. నేను ఈడే ఉంటా."

మధ్యాహ్నానికి ఆమె మళ్లీ గిన్నెలు అమ్ముకుంటోంది. ఆయన ఎవర్నీ అనుమతి అడగలేదు. అడగాలని కూడా ఆయనకు తోచలేదు.

ఇక బోర్డు ఎట్లా పోయిందో చెప్పాలి. శుక్రవారం సాయంత్రాలు కదిరప్ప సార్ ఏదో ఒక వీధిలో అరుగు మీద కూర్చుని జనంతో మాట్లాడేవాడు. మగ్గాల వీధిలో అట్లా కూర్చున్నప్పుడు రమణమ్మ అనే అవ్వ లేచింది. "మీరు చెప్పేది అయింది గదా, ఇంగ మేం చెప్పేది ఇనండి. బడి గోడను ఆనుకోని బెల్టు షాపు పెట్టినారు. తాగి ఆడపిల్లల్ని ఏమేమో అంటాండారు. మీ కండ్లకు ఆనదా?" అంది. ఆ షాపు ఎవరిదో అందరికీ తెలుసు. ఒక నాయకుడి బావమరిదిది. అందరూ తల దించుకున్నారు. ఆయన ఒక్కడే జేబులోంచి కాగితం తీశాడు. "పేరు రాయనులే అవ్వా" అన్నాడు. "రాయప్పా! నాకేం భయం? నేను దొంగతనం చేసినానా?" అంది ఆమె.

మర్నాడు బోర్డు మీద పడింది. 'బడి పక్కన మందు అమ్ముతాండారని రమణమ్మవ్వ చెప్పింది. మేము ఇంకా ఏమీ చేయలేదు.' ఎస్సై చూసి నవ్వి వెళ్లిపోయాడు. రెండోరోజు అదే వాక్యం కింద 'రెండు దినాలయింది' అని చేరింది. తర్వాత మూడు, నాలుగు. జనం రోజూ వచ్చి ఆ అంకె చూసిపోయేవాళ్లు. పన్నెండో రోజున సిఐ జీపు వచ్చి ఆగింది.

"ఏమయ్యా, డిపార్ట్‌మెంటు పరువు తీయడానికే ఉద్యోగం చేస్తున్నావా?" అన్నాడు సిఐ, అందరి ముందూ.

"పరువు ఈ బోర్డు కాడ పోలేదు సార్. ఆ అంగడి కాడ పోతాంది."

సిఐ జీపెక్కి వెళ్లిపోయాడు. సాయంత్రానికి బోర్డు ఊడదీయించాడు. మూడు రోజుల్లో దాని స్థానంలో పెద్ద ఫ్లెక్సీ వచ్చింది. 'మీ సేవలో మేము' అని అక్షరాలు, అధికారుల ఫోటోలు, ఎవరూ ఎత్తని ఒక ఫోన్ నంబరు. కదిరప్ప సార్‌ను పెనుకొండ కోర్టు డ్యూటీకి వేశారు. సమన్లు మోసే పని. పోతూ నాతో ఒక్క మాటే చెప్పాడు. "బీరువాలో మైకు ఉండాది. ఛార్జింగ్ పెడ్తా ఉండు."

నేను పెడుతూనే ఉన్నాను. వారానికోసారి, పూజ చేసినంత శ్రద్ధగా. ఛార్జింగ్ పెట్టడమే నా బాధ్యత అనుకున్నాను. అదే నా పాపం.

ఆ తర్వాతి ఎండాకాలం ముందు అదే మెసేజ్ మళ్లీ వచ్చింది. అదే వీడియో, అవే కిడ్నీలు. ఉదయం తొమ్మిదిన్నరకు మా అమ్మే నాకు పంపింది, జాగ్రత్తగా ఉండమని. గేటు బయట పదిమంది ఆడవాళ్లు నిలబడి "నిజమేనా పాపా?" అని అడిగారు. బోర్డు ఉండే చోట ఫ్లెక్సీలో అధికారులు నవ్వుతున్నారు. నేను లోపలికి వెళ్లి, స్టేషన్‌కు వచ్చి ఉన్న సిఐ ముందు నిలబడ్డాను. మైకులో చెప్పి వస్తాను సార్ అన్నాను.

"పైనుంచి ప్రెస్ నోట్ వస్తుంది. అంతవరకు ఎవరూ నోరు తెరవొద్దు."

నోరు తెరవలేదు. బయటికి వచ్చి ఆ ఆడవాళ్లతో "కనుక్కుంటున్నాం" అన్నాను. మైకు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. పదిన్నర, పదకొండు, పన్నెండు. నోట్ రాలేదు. దాంట్లో ఎవరి పేరు ముందుండాలి, ఎవరి ఫోటో పెట్టాలి అనే దాని మీద ఆలస్యమైందని తర్వాత తెలిసింది.

ఒంటిగంటకు బడి అన్నాలకు వదిలారు. పరిగి వైపు పల్లె నుంచి ఓబులేసు అనే మనిషి తప్పిపోయిన రెండు గొర్రెల్ని వెతుక్కుంటూ మా ఊళ్లోకి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. మాట నత్తి. బడి గేటు దగ్గర పిల్లల్ని ఆపి గొర్రెలు కనబడ్డాయా అని అడిగాడు. తువ్వాల మూటలో ఉడకబెట్టిన శెనక్కాయలుంటే వాళ్ల చేతుల్లో తలా పిడికెడు పోశాడు. ఎవరో కేక వేశారు. జనం వచ్చారు. నువ్వెవరు అని అడిగారు. భయానికి అతని నత్తి ఇంకా బిగుసుకుంది. పేరు చెప్పడానికి నోరు రాలేదు. పేరు చెప్పనందుకు కొట్టారు.

కొట్టినవాళ్లలో నేను రోజూ బోర్డు చదివి వినిపించినవాళ్లు ఉన్నారు. గిన్నెలామెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లను నేను క్షమించలేదు. కానీ నిజం తెలుసుకోవడానికి వాళ్లకు ఒక చోటుండేది, ఆ చోటును ఊడదీసింది మేము. ఫోను చెప్పింది, మేము చెప్పలేదు. అంతే జరిగింది. మేం వెళ్లేసరికి రోడ్డంతా శెనక్కాయలు. అంబులెన్సులో నేనే పక్కన కూర్చున్నాను. హిందూపురం చేరకముందే ప్రాణం పోయింది. నాలుగు గంటలకు ప్రెస్ నోట్ వచ్చింది. 'వదంతులను నమ్మవద్దు.'

కదిరప్ప సార్‌కు ఫోన్ చేశాను. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన ఓదార్చలేదు.

"మైకు యాడుండె?"

"నా ముందే ఉంది సార్."

"ఎవుర్ని అడిగితివి?"

"సిఐ గారిని."

"నేనెప్పుడన్నా అడిగితినా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. అంత కోపంగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

పది రోజులకు కల్యాణమండపంలో ప్రజలకు అవగాహన సభ పెట్టారు. వేదిక మీద ఏడు కుర్చీలు, శాలువాలు. వచ్చిన జనానికి మజ్జిగ ప్యాకెట్లు. పోలీసులూ ప్రజలూ ఒకటే అని గంటసేపు మాట్లాడారు. చివర ఎవరికైనా సందేహాలున్నాయా అన్నారు. వెనక వరుసలోంచి కదిరప్ప సార్ లేచాడు. మామూలు బట్టల్లో, సెలవు పెట్టుకుని వచ్చాడు.

"చచ్చిపోయిన మనిషి పేరేంది సార్?" అన్నాడు.

వేదిక మీద ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక అధికారి కాగితాలు తిరగేశాడు. సిఐ "ఆ వివరాలు ఎఫ్ఐఆర్‌లో ఉన్నాయి, కూర్చో" అన్నాడు. గోడ పక్క డ్యూటీలో నిలబడ్డదాన్ని అక్కడి నుంచే అరిచాను. "ఓబులేసు! గొర్రెలు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ పొద్దు మనం చెప్పుంటే బతికేవాడు."

ఆయనకు ఛార్జిమెమో, నాకు మెమో వచ్చాయి. ఆయన్ని రిటైరయ్యేదాకా మళ్లీ స్టేషన్ పనికి రానివ్వలేదు. రిటైరైన రెండేళ్లకు గుండె ఆగి పోయాడు. బెల్టు షాపు మాత్రం ఇంకో సందులోకి మారి బ్రహ్మాండంగా నడుస్తోందని విన్నాను.

ఆ రోజు సభ అయ్యాక ఆయన నన్ను బస్సెక్కించుకుని ఓబులేసు పల్లెకు తీసుకెళ్లాడు. ఎందుకు సార్ అంటే, "ఊరికి చెప్తిమి. ఇంటికి చెప్పల్ల గదా" అన్నాడు. ఇంటి ముందు ఓబులేసు భార్య నాగమ్మ గొర్రెపిల్లలకు ఆకు వేస్తోంది. తప్పిపోయిన రెండు గొర్రెలు ఓబులేసు పోయిన సాయంత్రమే వాటంతటవే ఇల్లు చేరాయని పక్కింటివాళ్లు చెప్పారు. నా యూనిఫాం చూసి ఆమె లేవలేదు, కూర్చోమనలేదు.

"ఆ పొద్దు మీరు యాడుంటిరి?" అని అడిగింది.

కదిరప్ప సార్ నాకేసి చూశాడు. నా బదులు ఆయన చెప్పడని అర్థమైంది.

"స్టేషన్‌లోనే ఉన్నానమ్మా. ఆ మెసేజ్ అబద్ధమని పొద్దున తొమ్మిదిన్నరకే నాకు తెలుసు. చెప్పమని పైవాళ్లు అనలేదని కూర్చున్నాను."

ఆమె చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది. నా మొహంలోకి చూసి, "ఇప్పుడొచ్చి చెప్తాండావు" అంది. అంతే. మళ్లీ గొర్రెపిల్లల వైపు తిరిగింది.

నేనిప్పుడు హెడ్ కానిస్టేబుల్‌ని. ఊళ్లో జనానికి తెలియాల్సింది ఏదైనా నాకు తెలిస్తే ముందు రోడ్డు మీదికి వెళ్లి చెప్తాను, తర్వాత పైవాళ్లకు చెప్తాను. దానికి మెమోలు వస్తూనే ఉన్నాయి. జవాబు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఎవరైనా తోటివాళ్లు ఎందుకింత కోపం, సర్దుకుపోవచ్చు కదా అంటారు. వాళ్లెవరూ నాగమ్మ ముందు నిలబడలేదు.