మగ్గాల ఇంటి గురక

నేను గురక పెడతానని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. చెప్పింది మా అత్త. చిత్తూరులో కాపురం పెట్టిన కొత్తలో, పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తూ, "ఏమ్మే, మీ నాయన ఈ సంగతి మాతో అననే లేదే" అంది. ఏ సంగతో మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొత్తకోడలు గురక పెట్టడమా! పక్క గదిలో పడుకున్న ఆమెకే నిద్ర లేదంటే మా ఆయన గతేమిటి? ఆ మహానుభావుడు మాత్రం పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

మాది నగరి. ఇంటి ముందు సగం మరమగ్గాలు, వెనక సగం మేము. పుట్టింది, పెరిగింది, నిద్రపోయింది అన్నీ ఆ టకటకల్లోనే. రాత్రీ పగలూ తేడా లేదు. మాది ఆగితే పక్కింటిది ఆడేది. అన్నం దగ్గర ఉప్పు కావాలన్నా చేత్తో సైగ చేయాల్సిందే. కరెంటు పోతే, చప్పుడు ఆగినందుకే అందరికీ మెలకువ వచ్చేసేది. అది తిరిగి వచ్చేదాకా విసనకర్రలు ఊపుకుంటూ కూర్చునేవాళ్ళం. అలాంటి ఇంట్లో ఎవరి గురక ఎవరికి వినిపిస్తుంది? ఈ మాటే అత్తతో చెప్పాను. ఆమె నమ్మలేదు.

"కన్నోళ్ళకు తెలీకుండా ఉంటాదా? దాసిపెట్టి కట్టబెట్టినారు" అంది.

నన్నేమన్నా పడేదాన్నేమో. మా నాయనను అనేసరికి ఒళ్ళు మండిపోయింది. బట్టలో ఒక పోగు తెగి ఉంటే కొనేవాడి కంటే ముందు తానే వేలు పెట్టి చూపించే మనిషి ఆయన. ఆ మాట ఎలాగో ఆయన చెవిన పడింది. అంతే, మా గడప తొక్కడం మానేశాడు. చిత్తూరులో పని పడితే నాకు కబురు పెట్టి, బస్టాండులోనే నిలబడి చూసి, మామిడిపళ్ళ సంచీ చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాడు. ఇంటికి రా నాయనా అంటే, గురక తగ్గనీలేమ్మా అనేవాడు.

ఇక నాకు నిద్ర అంటేనే హడలు. ఒక పక్కకే తిరిగి పడుకున్నాను. దిండు తీసేశాను. ముక్కులో నెయ్యి చుక్కలు వేసుకున్నాను. గోడకు ఆనుకుని కూర్చున్నాను. పగలేమో పప్పు మాడ్చడం, పాలు పొంగించడం. నిద్ర సుఖమెరగదు అంటారు గానీ, నాకు వస్తే భయం, రాకపోతే ఏడుపు. చివరికి నేనే మొండికేశాను, తిరుపతికి పోయి ముక్కు చూపించుకుంటానని.

అక్కడి ముక్కు డాక్టరు, లోపల దూలం వంకరగా ఉందనీ, చిన్న ఆపరేషను చేస్తే గురక తగ్గవచ్చనీ అన్నాడు. తగ్గుతుందా అని గట్టిగా అడిగాను. తగ్గవచ్చు అన్నాడు మళ్ళీ. తోడు వచ్చిన మా అమ్మ, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట అని గొణిగింది. నేను వినిపించుకోలేదు.

మొద్దుబారే మందు ఇచ్చారు. నొప్పి లేదు గానీ ఎముకను గీకే చప్పుడు నా తలలోంచే వినిపించింది. బల్ల అంచులు పట్టుకుని, ఎప్పుడవుతుందిరా దేవుడా అని బిగుసుకుపోయాను. తరువాత ముక్కు నిండా గుడ్డ కూరారు. నోటితో గాలి పీల్చి పీల్చి గొంతు ఎండిపోయింది. ఆ గుడ్డను తీసేటప్పుడు, పడుగు విప్పుతున్నట్టు, లాగేకొద్దీ వస్తూనే ఉంది.

ముక్కు మానేదాకా ఉండమని నన్ను నగరికి పంపారు. అక్కడే అసలు చిక్కు వచ్చింది. గురక పోయిందో లేదో ఆ ఇంట్లో ఎవరు చెప్పగలరు? నేను పడుకున్నప్పుడు అమ్మ నా మొహం దగ్గర చెవి పెట్టి కూడా చూసిందట. మగ్గాలే వినిపించాయంది. కాలు ఒక చోట నిలవకుండా వసారాలోకీ వంటింట్లోకీ తిరుగుతూ రోజులు గడిపాను.

ఒకరోజు అత్త నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. ఓళిగలతో భోజనమయ్యాక చాప మీద ఒరిగింది గానీ, ఆ మోతకు రెండు చెవులూ మూసుకుంది. నాయన అది చూశాడు. పోయి మా మగ్గాలు ఆపేశాడు. పక్కిళ్ళకు పోయి, వియ్యపురాలు ఒక కునుకు తీయాలి, కాసేపు ఆపండప్పా అని బతిమాలి వచ్చాడు. కరెంటు ఉండగా ఆయన మగ్గం ఆపడం నేనెన్నడూ చూడలేదు. రాత్రంతా పని చేసినవాడు, మగ్గాల మధ్య సందులోనే తుండు పరుచుకుని పడుకున్నాడు. నేను మాత్రం అత్త ముందు చచ్చినా కన్ను మూయకూడదనుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను.

ఏదో చప్పుడుకు ఉలిక్కిపడి లేచాను. మళ్ళీ మగ్గాలు వేశారనుకున్నాను. కాదు. అది మా నాయన గురక. పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదటిసారి. వంటింటి గడప దగ్గర అమ్మది సన్నగా, ఈల వేసినట్టు. అత్త చాప మీద లేచి కూర్చుని అటూ ఇటూ చూస్తోంది.

"లేచినావా? ఇంతసేపూ నువ్వూ అంతే" అంది గొంతు తగ్గించి. "ఆపరేషనూ గంగలో కలిసింది."

నా చెయ్యి ముక్కు మీదికి పోయింది. ఆమె మాత్రం నన్ను చూడడం లేదు. మగ్గాల సందులో నోరు తెరుచుకుని నిద్రపోతున్న నాయననే చూస్తోంది.

"నీది ఆయప్పకు యాడ తెలస్తాది మే. ఆయప్పది ఆయప్పకే తెలీదు."

ముక్కు మానేదాకా ఏడవకూడదని డాక్టరు చెప్పాడు. అయినా ఏడ్చాను. ఆ అలికిడికి నాయన లేచి, తుండు దులుపుకుంటూ వచ్చాడు. అత్త మొహం వంక చూసే ధైర్యం లేక నేల చూస్తూ, ఒక కునుకన్నా పట్టిందా అని అడిగాడు.

"బంగారంగా నిద్రపోయినానన్నా" అంది అత్త, చాప చుట్టేస్తూ. "మగ్గాలు ఏసుకో. రేపు పిల్లను నువ్వే తోడుకోనొచ్చి మా ఇంట్లో దిగబెట్టు."